ఉప్పునీటిలో అమైనో ఆమ్లాలు: సాంద్రత, స్నిగ్ధతల సాక్ష్యం

ప్రాణి శరీరంలో ఎక్కడా స్వచ్ఛమైన నీరు లేదు. రక్తంలోని ద్రవభాగంలో లీటరుకు దాదాపు 140 మిల్లీమోళ్ల సోడియం అయాన్లు, కణం లోపల ఇంచుమించు అంతే గాఢతలో పొటాషియం అయాన్లు, వాటికి తోడుగా క్లోరైడు, ఫాస్ఫేటు, మెగ్నీషియం వంటి మరికొన్ని అయాన్లు ఉంటాయి కాబట్టి, ప్రోటీన్లు ముడుచుకోవడం, విప్పారడం, ఒకదానికొకటి అంటుకోవడం, ద్రావణం నుంచి విడివడి అడుగుకు చేరడం అన్నీ ఉప్పునీటిలోనే జరుగుతాయి. లవణాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవని 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీనుపై చేసిన ప్రయోగాలతో తేటతెల్లమైంది. సల్ఫేటు లవణాలు కొద్ది గాఢతలోనే ప్రోటీనును అవక్షేపంగా దింపగా, క్లోరైడు, నైట్రేటు లవణాలు అదే పని చేయడానికి ఎక్కువ మోతాదులో అవసరమయ్యాయి. కారణం ఏమిటన్న ప్రశ్నకు ప్రోటీనునే అడిగి జవాబు రాబట్టడం కష్టం. వేలాది పరమాణువులున్న ఆ పెద్ద అణువులో లవణం ఏ భాగాన్ని ఎలా తాకుతున్నదో విడదీసి చూపడం సాధ్యం కాకపోవడంతో, భౌతిక రసాయన శాస్త్రజ్ఞులు ప్రోటీనుకు మూలపదార్థాలైన అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా తీసుకొని, వాటిని వివిధ లవణ ద్రావణాల్లో కరిగించి, ద్రవం బరువునూ దాని ప్రవాహాన్నీ కొలిచే మార్గం ఎంచుకున్నారు.

ఆ కొలతల్లో మొదటిది సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు ద్రవంలో ఉండే ద్రవ్యరాశి. రెండవది స్నిగ్ధత, అంటే ప్రవహిస్తున్న ద్రవంలో ఒక పొర పక్క పొర మీదుగా జారేటప్పుడు ఎదురయ్యే నిరోధం. వ్యవహారంలో ‘చిక్కన’ అనే ఒక్క మాట ఈ రెండింటికీ సరిపోతున్నట్టు కనిపించినా, శాస్త్రంలో ఇవి వేర్వేరు గుణాలు: ఆముదం నీటికన్నా తేలికైనప్పటికీ నీటికన్నా వందల రెట్లు ఎక్కువ స్నిగ్ధత కలిగి ఉంటుంది, పాదరసం నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువైనా దాని స్నిగ్ధత నీటి స్నిగ్ధతకు రెండింతలు కూడా ఉండదు. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద స్వచ్ఛమైన నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.99705 గ్రాములు, స్నిగ్ధత 0.890 మిల్లీపాస్కల్ సెకన్లు. ఈ రంగంలో జరిగే పరిశోధనంతా ఈ రెండు సంఖ్యల చుట్టూ వచ్చే అతి చిన్న మార్పులను పట్టుకోవడమే.

అమైనో ఆమ్లాల్లో అతి సరళమైనది గ్లైసిన్. ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఆన్రీ బ్రాకొన్నో 1820లో జెలటిన్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరిగించి ఈ తియ్యని స్ఫటికాలను వేరు చేశాడు. దాని మోలార్ ద్రవ్యరాశి, అంటే అవగాడ్రో సంఖ్యలో ఉన్న అణువుల మొత్తం బరువు, 75.07 గ్రాములు. పేరులో ఆమ్లం ఉన్నా నీటిలో ఇది ఆమ్లంలా కనిపించదు. అణువులోని ఆమ్ల భాగం తన ప్రోటాన్‌ను అదే అణువులోని అమైనో భాగానికి ఇచ్చివేయడం వల్ల ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఏర్పడి, మొత్తం మీద ఆవేశం శూన్యమైన ద్విధ్రువ అయాన్ తయారవుతుంది. తటస్థ ద్రావణంలో ఆవేశాలు లేని గ్లైసిన్ రూపం లక్షకు ఒకటి కూడా ఉండదని, ద్విధ్రువ రూపమే రాజ్యమేలుతుందని 1923లో కోపెన్‌హేగన్ శాస్త్రజ్ఞుడు నీల్స్ బ్యెరుమ్ చేసిన విశ్లేషణ నుంచి స్థిరపడింది. ద్విధ్రువ భ్రామకం అనే కొలత, అంటే ఆవేశాల పరిమాణాన్ని వాటి మధ్య దూరంతో గుణిస్తే వచ్చే విలువ, విడిగా ఉన్న నీటి అణువుకు 1.85 డిబై యూనిట్లు కాగా నీటిలోని గ్లైసిన్‌కు దాదాపు 15. ఇంతటి ద్విధ్రువం నీటి మధ్యకు వచ్చినప్పుడు చుట్టూ ఉన్న నీటి అణువులు ఉదాసీనంగా ఉండలేవు.

అవి ఏం చేస్తాయో ఘనపరిమాణం చెబుతుంది. స్ఫటికంలో ఒక మోలు గ్లైసిన్ 46.7 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అదే మోలును అపారమైన నీటిలో కరిగిస్తే ద్రావణం ఘనపరిమాణం 43.2 ఘన సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఘనపదార్థం కరిగి అణువులు విడివిడిగా చెదిరిపోయినప్పుడు చోటు పెరగాలని తోస్తుంది గాని, ఇక్కడ తగ్గుతోంది. అణువు కొసల్లోని ఆవేశాలు తమ చుట్టూ ఉన్న నీటిని దగ్గరకు లాక్కొని, ఆ నీటి అణువుల మధ్య సహజంగా ఉండే ఖాళీని కుదించివేయడమే ఇందుకు కారణం. దీనిని విద్యుత్ సంకోచం అంటారు. అయాన్లు నీటిని ఈ విధంగా కుదిస్తాయన్న సిద్ధాంతాన్ని 1894లో డ్రూడె, నెర్న్‌స్ట్ ప్రతిపాదించారు. ఈ సంకోచం ఎంత బలమైనదో మెగ్నీషియం సల్ఫేటు విషయంలో స్పష్టంగా తెలుస్తుంది: రెండేసి ఆవేశాలున్న అయాన్లుగా విడిపోయే ఆ లవణాన్ని కొద్దిపాటిగా పుష్కలమైన నీటిలో కరిగిస్తే, పదార్థం చేరినందుకు ఘనపరిమాణం పెరగవలసింది పోయి, మొదట తీసుకున్న నీటి ఘనపరిమాణం కన్నా కూడా తగ్గుతుంది.

గ్లైసిన్ విషయంలో ఆవేశాల పాత్రను విడదీసి చూపినవారు హార్వర్డు వైద్య కళాశాలలో ఎడ్విన్ కోన్ నాయకత్వంలో పనిచేసిన బృందం. 1934లో వెలువడిన వారి వ్యాసంలోని ఉపాయం సరళమైనది: గ్లైసిన్‌లో ఎన్ని పరమాణువులున్నాయో అవే పరమాణువులు అంతే సంఖ్యలో ఉండి, అమరిక మాత్రం మారడం వల్ల ఆవేశాలు లేని గ్లైకాలమైడు అనే పదార్థం ఉన్నది, దాని మోలార్ ఘనపరిమాణం నీటిలో 56 ఘన సెంటీమీటర్లు దాటుతుంది. బరువు ఒకటే, పరమాణువులు అవే, తేడా మాత్రం 13 ఘన సెంటీమీటర్లు; ఆ తేడా మొత్తం ఆవేశాలు నీటిని నొక్కిన ఫలితమే. ఈ రంగంలో ఇంత పొదుపైన తర్కం మళ్లీ అరుదుగా కనిపిస్తుంది. కోన్ బృందం అక్కడితో ఆగలేదు; అమైనో ఆమ్లం గొలుసులో కర్బనం, రెండు హైడ్రోజన్లు ఉన్న ముక్క ఒకటి చేరినప్పుడల్లా ఘనపరిమాణం సుమారు 16 ఘన సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుందని చూపి, ముక్కల విలువలను కూడి అణువు విలువను ముందే అంచనా వేసే పద్ధతికి బాట వేసింది. గ్లైసిన్‌కు 43.2, అలనిన్‌కు 60.4, వాలిన్‌కు దాదాపు 91, లూసిన్‌కు దాదాపు 108 అన్న వరుసలో ఆ క్రమం కనిపిస్తుంది. వాలిన్, లూసిన్‌ల గొలుసులు కొమ్మలుగా చీలి ఉండటం వల్ల లెక్క కొద్దిగా తప్పుతుంది.

ఈ సంఖ్యలను రాబట్టడానికి కావలసిన సూక్ష్మత గురించి కొంత చెప్పుకోవలసి ఉన్నది, ఎందుకంటే ఈ రంగంలో మంచి వ్యాసాన్నీ నాసిరకం వ్యాసాన్నీ వేరుచేసేది అక్కడే. ఒక కిలోగ్రాము నీటిలో పదో వంతు మోలు గ్లైసిన్, అంటే ఏడున్నర గ్రాములు కరిగిస్తే సాంద్రత 0.99705 నుంచి సుమారు 1.0002కు చేరుతుంది. మొత్తం మార్పు దశాంశం తరువాత మూడో స్థానంలో మూడు మాత్రమే. ఆ సాంద్రతను కొలవడంలో అయిదో దశాంశ స్థానంలో ఒక్క అంకె పొరపాటు జరిగినా, దాని నుంచి లెక్కగట్టే మోలార్ ఘనపరిమాణంలో 0.1 ఘన సెంటీమీటరు తేడా వస్తుంది. నీరు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి, ఉష్ణోగ్రత డిగ్రీలో ఇరవయ్యైదో వంతు అటూ ఇటూ అయినా అంతే పొరపాటు చోటు చేసుకుంటుంది. గాఢత ఇంకా తగ్గించి కొలవబోతే దోషం అదే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది. కాని సిద్ధాంతానికి కావలసింది అనంత విలీనత వద్ద విలువ, అంటే ఒక అమైనో ఆమ్ల అణువుకు మరో అమైనో ఆమ్ల అణువు కనుచూపు మేరలో లేనప్పటి విలువ. అందుచేత కొన్ని గాఢతల వద్ద కొలిచి, గ్రాఫు గీసి, ఆ రేఖను సున్న గాఢతకు పొడిగించి విలువ చదువుతారు. లవణాలకైతే 1929లో ఆర్మ్ మాసన్ సూచించినట్టు గాఢత వర్గమూలంతో ఆ రేఖ గీయాలి. అమైనో ఆమ్లానికి నికరమైన ఆవేశం లేదు కనుక గాఢతతోనే నేరుగా గీయడం సమంజసం. అయినా అలవాటు కొద్దీ వర్గమూలం వాడిన వ్యాసాలు ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి.

వెనుకటి తరం ప్రయోగశాలల్లో కాలేజీ విద్యార్థులందరికీ పరిచితమైన సాంద్రత బుడ్డిలో, లేదా దానికన్నా సన్నని మెడలున్న పిక్నోమీటరులో ద్రావణం నింపి, స్థిరోష్ణ తొట్టిలో ఉంచి, తూచేవారు. 1960లలో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో రూపొందిన కంపన నాళ సాంద్రతామాపకం ఆ శ్రమను తగ్గించింది. ఆంగ్ల అక్షరం ‘యు’ ఆకారంలో వంచిన గాజు గొట్టంలో ద్రావణం నింపి దానిని కంపింపజేస్తే, లోపలి ద్రవం బరువెక్కిన కొద్దీ కంపనకాలం పెరుగుతుంది కాబట్టి, ఆ కాలాన్ని లెక్కించి సాంద్రతను ఆరో దశాంశ స్థానం వరకు చెప్పవచ్చు. పరికరం ఎంత మంచిదైనా నీటిలో కరిగిన గాలిని ముందుగా తొలగించకపోతే, అమైనో ఆమ్లాన్ని తిరిగి స్ఫటికీకరించి తేమ లేకుండా ఆరబెట్టకపోతే, గాలిలోని తేమను పీల్చుకునే మెగ్నీషియం క్లోరైడు వంటి లవణం గాఢతను విడిగా నిర్ధారించకపోతే, ఆరో స్థానంలోని అంకెకు అర్థం ఉండదు.

ఇప్పుడు నీటికి బదులు ఉప్పునీటిని తీసుకుందాం. ముందుగా, ఎంచుకున్న గాఢతలో సోడియం క్లోరైడు ద్రావణం తయారు చేసి, దానినే ద్రావణిగా భావించి, అందులో గ్లైసిన్‌ను వివిధ గాఢతల్లో కరిగించి, అనంత విలీనత వద్ద మోలార్ ఘనపరిమాణం రాబడతారు. దాని నుంచి నీటిలోని విలువను తీసివేస్తే వచ్చేదానిని స్థానాంతర ఘనపరిమాణం అంటారు. ఒక మోలు గ్లైసిన్‌ను నీటిలో నుంచి ఉప్పునీటిలోకి మార్చినప్పుడు చోటు ఎంత మారుతుందో అది చెబుతుంది. సోడియం క్లోరైడు గాఢత కిలోగ్రాము నీటికి ఒక మోలు వరకు ఉన్నప్పుడు ఈ మార్పు రెండు ఘన సెంటీమీటర్లకు మించదు గాని, దాని గుర్తు ఎప్పుడూ ధనాత్మకమే, ఉప్పు పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుంది. అంటే ఉప్పునీటిలో గ్లైసిన్ నీటిలో కన్నా ఎక్కువ చోటు తీసుకుంటోంది. అణువు పెద్దదైందని దీని అర్థం కాదు. సోడియం అయాను గ్లైసిన్ రుణ కొసకు, క్లోరైడు అయాను ధన కొసకు చేరువైనప్పుడు, ఆ అయాన్ల చుట్టూ ఉన్న నీటి పొరలు, గ్లైసిన్ కొసల చుట్టూ ఉన్న నీటి పొరలు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని, అంతవరకు నొక్కుకొని ఉన్న నీటిలో కొంత విడుదలై మామూలు నీటిలో కలిసిపోతుంది. విడుదలైన ప్రతి అణువూ తన సహజమైన ఖాళీని తిరిగి పొందడంతో మొత్తం ఘనపరిమాణం పెరిగినట్టు కనిపిస్తుంది. నీటి పొరలు ఒకదానిపై ఒకటి పరుచుకుంటాయన్న ఈ భావనను 1953లో గర్నీ తన గ్రంథంలో వివరించగా, తరువాతి దశాబ్దాల్లో ఫ్రీడ్‌మన్, కృష్ణన్ దానిని గణిత రూపంలోకి విస్తరించారు.

ఆ విడుదలైన నీటిని లెక్కపెట్టడం కూడా సాధ్యమే, కొన్ని ఊహలు అంగీకరిస్తే. మియామీ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ మిల్లెరో బృందం 1978లో చూపిన పద్ధతి ప్రకారం, స్ఫటికంలోని ఘనపరిమాణాన్ని అణువుల పేర్పులోని తేడాకు సవరిస్తే గ్లైసిన్‌కు 51.6 ఘన సెంటీమీటర్లు రావాలి, నీటిలో కొలిచినది 43.2, తేడా 8.4, ఒక మోలు నీరు ఆవేశం దగ్గర నొక్కుకుపోయినప్పుడు 25 డిగ్రీల వద్ద సుమారు 3.3 ఘన సెంటీమీటర్లు కుదించుకుపోతుందని తీసుకుంటే, గ్లైసిన్ అణువుకు సగటున రెండున్నర నీటి అణువులు గట్టిగా పట్టుబడి ఉన్నట్టు తేలుతుంది. దీనిని ఆర్ద్రీకరణ సంఖ్య అంటారు. ఉప్పు కలిపిన కొద్దీ అది తగ్గుతుంది. రెండున్నర నీటి అణువులన్న మాటను అక్షరాలా తీసుకోనవసరం లేదు. సవరణలోని ఊహలు మార్చితే సంఖ్య మారుతుంది, కాని వివిధ అమైనో ఆమ్లాలనూ వివిధ లవణాలనూ ఒకే కొలబద్దతో పోల్చడానికి అది ఉపకరిస్తుంది. మిల్లెరో వృత్తిరీత్యా సముద్ర రసాయనజ్ఞుడు, సముద్రజలం సాంద్రతను లెక్కగట్టడానికి 1980ల ఆరంభంలో అంతర్జాతీయంగా అంగీకరించిన సమీకరణ కర్తల్లో ఒకడు. కిలోగ్రాముకు 35 గ్రాముల లవణాలు ఉండే సముద్రజలాన్ని అర్థం చేసుకోవడానికి సానబట్టిన పరికరాలే అమైనో ఆమ్లాలకూ పనికివచ్చాయి.

గ్లైసిన్ తరువాత గొలుసు పొడవైన అమైనో ఆమ్లాలకు వస్తే కథ మారుతుంది. అలనిన్, వాలిన్, లూసిన్‌లలో ఆవేశం గల కొసలు గ్లైసిన్‌లో ఉన్నవే అయినా, వాటికి నీటితో పొత్తు కుదరని హైడ్రోకార్బను గొలుసు అదనంగా ఉంటుంది. ఆ గొలుసు చుట్టూ నీరు తనలో తాను హైడ్రోజన్ బంధాలతో కాస్త ఎక్కువ క్రమంగా అమరి ఉంటుంది. లవణ అయాను ఆ దాపుకు వచ్చినప్పుడు ఆ అమరిక చెదిరి, ఘనపరిమాణం తగ్గే దిశగా ఫలితం వస్తుంది. కొసల వద్ద పెరుగుదల, గొలుసు వద్ద తరుగుదల, రెండూ ఒకే అణువులో జరుగుతూ ఉంటే ప్రయోగంలో కనిపించేది వాటి మొత్తమే. అందువల్ల ఒకే లవణ ద్రావణంలో స్థానాంతర ఘనపరిమాణం గ్లైసిన్‌కు ఎక్కువగా, అలనిన్‌కు అంతకన్నా తక్కువగా, వాలిన్, లూసిన్‌లకు ఇంకా తక్కువగా కనిపించే ధోరణి ఉన్నది. మన దేశంలో ఢిల్లీ ఐఐటీలోనూ, అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయంలోనూ ఈ కొలతలు విస్తృతంగా జరిగాయి. లవణం వైపు నుంచి చూస్తే, ఒక ఆవేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్ల కన్నా రెండు ఆవేశాలున్న మెగ్నీషియం, కాల్షియం అయాన్ల ప్రభావం ఎక్కువ.

సాంద్రత చెప్పేది నిలకడగా ఉన్న అమరిక గురించి. కదలిక గురించి చెప్పడానికి స్నిగ్ధత కావాలి. ఈ కొలత ఫ్రెంచి వైద్యుడు పొయజ్వీకి రుణపడి ఉన్నది. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని ఆయన గాజు కేశనాళికల్లో నీటి ప్రవాహాన్ని ఏళ్ల తరబడి కొలిచి, ప్రవాహం నాళిక వ్యాసార్ధం నాలుగో ఘాతంపై ఆధారపడుతుందని కనుగొన్నాడు, 1847లో లవణ ద్రావణాల్ని కూడా పరీక్షించి, కొన్ని లవణాలు నీటి ప్రవాహాన్ని మందగింపజేస్తుండగా మరికొన్ని వేగవంతం చేస్తున్నాయని గమనించాడు. పొటాషియం అయోడైడు ఇందుకు మంచి ఉదాహరణ. లీటరుకు ఒక మోలు ఆ లవణం కరిగించిన నీరు 25 డిగ్రీల వద్ద మామూలు నీటికన్నా స్పష్టంగా బరువైనదే, కాని దానికన్నా సులువుగా పారుతుంది.

కరిగిన కణాలు ద్రవం స్నిగ్ధతను ఎందుకు పెంచుతాయన్న ప్రశ్నకు మొదటి గణిత సమాధానం ఐన్‌స్టైన్‌ది. ద్రవంలో తేలే గట్టి గోళాలు మొత్తం ఘనపరిమాణంలో ఎంత భాగం ఆక్రమిస్తాయో, దానికి ఒక స్థిర గుణకం చొప్పున స్నిగ్ధత పెరుగుతుందని ఆయన 1906లో ప్రచురించిన పత్రంలో చూపాడు. ఆ గుణకం ఒకటి అని అందులో ఉన్నది. పారిస్‌లో జాన్ పెరాఁ శిష్యుడు బాన్స్‌లఁ ప్రయోగం చేసి చూస్తే పెరుగుదల అంతకన్నా చాలా ఎక్కువగా వచ్చింది. ఐన్‌స్టైన్ కోరగా ఆయన సహాయకుడు లుడ్విగ్ హోప్ఫ్ లెక్కను తిరగదోడి అందులో దొర్లిన తప్పును పట్టుకోవడంతో, 1911లో గుణకం 2.5 అని సవరణ వెలువడింది. చక్కెర ద్రావణాల స్నిగ్ధత నుంచి అవగాడ్రో సంఖ్యను గణించడానికి ఐన్‌స్టైన్ చేసిన ప్రయత్నం ఆ సవరణతో వాస్తవ విలువకు దగ్గరగా వచ్చింది.

లవణాలకు ఈ గోళాల సిద్ధాంతం చాలదు, ఎందుకంటే గోళం ఎప్పుడూ స్నిగ్ధతను పెంచవలసిందే గాని తగ్గించలేదు. 1929లో హార్వర్డులో గ్రిన్నెల్ జోన్స్, మాల్కమ్ డోల్ బేరియం క్లోరైడు ద్రావణాలను పరీక్షిస్తూ ఒక సమీకరణం రాశారు: ద్రావణం స్నిగ్ధతను ద్రావణి స్నిగ్ధతతో భాగించగా వచ్చే సంఖ్య, ఒకటికి రెండు పదాలు కలిపితే వచ్చేదానికి సమానం, మొదటి పదం గాఢత వర్గమూలాన్ని ‘ఏ’ గుణకంతో గుణించగా వచ్చేది, రెండవది గాఢతను ‘బీ’ గుణకంతో గుణించగా వచ్చేది. ‘ఏ’ గుణకం అయాన్ల మధ్య దూరాకర్షణను సూచిస్తుంది. నికరమైన ఆవేశం లేని అమైనో ఆమ్లానికి అది దాదాపు శూన్యం. ఆసక్తి అంతా బీ గుణకంలో ఉన్నది, అది కరిగిన కణానికీ నీటికీ మధ్య ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. లీటరుకు ఒక మోలు ప్రాతిపదికన లిథియం అయానుకు ఈ విలువ 0.15, సోడియానికి 0.086, పొటాషియానికి సున్నకు కాస్త కింద, సీజియానికి ఇంకా కింద, మెగ్నీషియానికి 0.385. చిన్నదై, ఆవేశం దట్టంగా ఉన్న అయాను నీటిని బిగించి పట్టుకొని తనతో మోసుకుపోతుంది కనుక ప్రవాహం మందగిస్తుంది. పెద్దదై, ఆవేశం పలుచనైన అయాను నీటి అణువులను బిగించి పట్టుకోలేకపోగా, అవి తమలో తాము అల్లుకున్న బంధాలను మాత్రం సడలిస్తుంది.

గ్లైసిన్‌కు నీటిలో బీ గుణకం సుమారు 0.14. ఐన్‌స్టైన్ సూత్రంలో దాని ఘనపరిమాణం 43.2 ఘన సెంటీమీటర్లు పెట్టి లెక్కిస్తే 0.108 మాత్రమే రావాలి. ఎక్కువగా వచ్చిన భాగాన్ని రెండు విధాలుగా వివరించవచ్చు: గ్లైసిన్ తన చుట్టూ పట్టుకున్న నీటితో కలిసి పెద్ద కణంగా కదులుతున్నది, లేదా అది గోళం కాదు. రెండూ నిజమే. బీ గుణకాన్ని ఘనపరిమాణంతో భాగించినప్పుడు ఫలితం 2.5 దాటితే నీటిని వెంట మోసుకుపోయే కణమని చెప్పడం ఆనవాయితీ, గ్లైసిన్‌కు అది 3.3. గొలుసు పొడవైన కొద్దీ బీ విలువ పెరుగుతుంది. అలనిన్‌కు సుమారు 0.25. చాలా లవణ ద్రావణాల్లో అమైనో ఆమ్లాల బీ విలువ నీటిలోని దానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ కొలతకు ఉపయోగించే ఉబ్బెలోహ్డె విస్కోమీటరు నిలువుగా బిగించిన గాజు కేశనాళిక. రెండు గీతల మధ్య ద్రావణం దిగడానికి పట్టే కాలాన్ని గుర్తించి, నీటికి పట్టే కాలంతో పోల్చి, రెండింటి సాంద్రతలతో సవరించి, స్నిగ్ధత రాబడతారు. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల ప్రాంతంలో డిగ్రీకి రెండు శాతం పైగా పడిపోతుంది. పదో వంతు మోలార్ గ్లైసిన్ కలిగించే పెరుగుదల ఒకటిన్నర శాతం లోపే. అంటే తొట్టిలోని నీటి వేడి ముప్పావు డిగ్రీ పెరిగినా గ్లైసిన్ చూపవలసిన ప్రభావమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఉష్ణోగ్రతను మార్చి బీ గుణకం ఎటు కదులుతుందో చూడటం కూడా ఈ పరిశోధనలో భాగమే. వేడి పెరిగినప్పుడు బీ తగ్గితే ఆ పదార్థం నీటి నిర్మాణాన్ని కట్టేదని, పెరిగితే కూల్చేదని వర్గీకరిస్తారు. 1969లో హెప్లర్ ఘనపరిమాణం ఉష్ణోగ్రతతో మారే తీరు వంపును ఆధారం చేసుకొని ఇలాంటిదే మరో ప్రమాణం ఇచ్చాడు. వందలాది వ్యాసాల ముగింపు వాక్యాలు ఈ వర్గీకరణ మీదనే నడుస్తాయి. దీన్ని కొంత జాగ్రత్తగా పుచ్చుకోవాలి. 2003లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అతి స్వల్పకాలపు లేజరు స్పందనలతో నీటి అణువులు తిరిగే వేగాన్ని కొలిచి, అయానును అంటిపెట్టుకున్న మొదటి పొర దాటిన తరువాత నీటి కదలికలో గుర్తించదగిన మార్పు లేదని చూపారు. నిర్మాణం కట్టేదని పేరుపడ్డ లవణాల్లోనూ ఫలితం అదే. స్నిగ్ధత కొలత ఒక పాత్రలోని కోటానుకోట్ల అణువుల మొత్తం ప్రవర్తన. దాని నుంచి నీటి నిర్మాణం సుదూరం వరకు మారిందని చెప్పడం, కొలత ఇచ్చిన హామీకి మించిన మాట. అయితే వ్యాఖ్యానం సడలినంత మాత్రాన సంఖ్య సడలదు. కోన్ బృందం 1934లో కొలిచిన గ్లైసిన్ ఘనపరిమాణం ఈనాటి కంపన నాళికలు చెప్పే విలువకు ఒక శాతం లోపు తేడాతో నిలిచి ఉన్నది.

కోన్ ఈ చిన్న అణువుల దగ్గర నేర్చుకున్నదానిని పెద్ద అణువులపై ప్రయోగించే అవసరం రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. ద్విధ్రువ అయానుకు లవణం చేరువైనప్పుడు దాని ద్రావణీయత ఎలా మారుతుందో కిర్క్‌వుడ్ 1934లో సిద్ధాంతరీత్యా చూపి ఉండటం, లవణం, ఆల్కహాలు, ఉష్ణోగ్రత, ఆమ్లత కలిసి ప్రోటీన్లను ఒక్కొక్కటిగా ఎలా వేరు చేయగలవో హార్వర్డులో అప్పటికే అధ్యయనం జరిగి ఉండటం వల్ల, ఆయన బృందం చల్లని ఆల్కహాలుతో రక్తరసాన్ని విభజించి ఆల్బుమిన్‌ను తీసే విధానాన్ని రూపొందించింది. ఆ ఆల్బుమిన్‌ను 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ క్షతగాత్రులకు ఎక్కించారు. ఆస్పత్రుల్లో ఇప్పటికీ వాడే ఆల్బుమిన్‌లో చాలా భాగం ఆ విధానం నుంచి పుట్టిన పద్ధతులతోనే తయారవుతోంది.

నేటి ఔషధ పరిశ్రమలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. హైదరాబాదుతో సహా అనేక చోట్ల తయారవుతున్న ప్రతిరక్షక ప్రోటీన్ల మందుల్లో కొన్నింటిని చర్మం కింద సూదితో ఇవ్వాలంటే, ఇచ్చే ద్రవం కొద్దిగానే ఉండాలి కనుక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములకు పైగా ప్రోటీను కరిగించవలసి వస్తుంది. ఆ గాఢతలో ప్రోటీను అణువులు ఒకదానినొకటి పట్టుకొని ద్రావణం సన్నని సూదిలో దిగనంత చిక్కబడుతుంది. దీనికి విరుగుడుగా లవణాలను, ముఖ్యంగా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం హైడ్రోక్లోరైడును కలుపుతారు. వట్టి నీటిలో కరిగించినప్పుడు ఆర్జినిన్ హైడ్రోక్లోరైడు నీటి స్నిగ్ధతను పెంచుతుంది, బీ గుణకం ధనాత్మకమే; అదే పదార్థం గాఢమైన ప్రతిరక్షక ప్రోటీను ద్రావణంలో చేరినప్పుడు, ఆవేశం గల కొసతో ఒకచోట, బల్లపరుపుగా ఉన్న గ్వానిడినియం భాగంతో మరోచోట ప్రోటీను ఉపరితలాన్ని తాకుతూ, ప్రోటీనుకూ ప్రోటీనుకూ మధ్య పట్టును వదిలించి, మొత్తం స్నిగ్ధతను తగ్గిస్తుంది.